సియాజ్ డీజిల్ అసలు మైలేజీ: కోనసీమ గట్ల మీద ఎంత, బెంగళూరు రోడ్డు మీద ఎంత

ముందు అంకె చెప్పేస్తానండి, చాలామందికి కావాల్సింది అదే కాబట్టి. మా మారుతి సియాజ్ 1.3 డీజిల్ కారు అమలాపురం నుంచి బెంగళూరు వెళ్లేటప్పుడు లీటరుకి 23.8 కిలోమీటర్లు ఇచ్చింది, తిరిగొచ్చేటప్పుడు 26 ఇచ్చింది. నలుగురం మనుషులం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఎక్కడా ఆపలేదు. అదే బండి ఇంటి దగ్గర కాలువ గట్ల మీద తిరిగితే 18, 19 దాటడం కష్టం. ఒకటే బండి, ఒకటే డ్రైవరు, ఇంత తేడా ఎందుకొస్తుందో ఇన్నేళ్లు వాడాక నాకు అర్థమైంది రాస్తున్నాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

బండి 2016 మోడల్, ఎస్‌హెచ్‌విఎస్ (బండి ఆగినప్పుడు ఇంజినుని దానంతట అదే ఆపి మళ్లీ స్టార్ట్ చేసే మారుతి హైబ్రిడ్ ఏర్పాటు) ఉన్నది. 1248 సీసీ ఇంజిను, 90 పీఎస్, 200 ఎన్‌ఎం టార్క్, అయిదు గేర్ల మాన్యువల్, ట్యాంకు 43 లీటర్లు. లక్ష కిలోమీటర్లు ఎప్పుడో దాటేసింది, ఇంజిను ఇప్పటికీ విప్పలేదు, టైమింగ్ బెల్టు కాకుండా చైను ఉంటుంది కాబట్టి బెల్టు మార్పించే ఖర్చు కూడా లేదు. కంపెనీ చెప్పిన మైలేజీ 28.09. ఇది చూసి కొన్నవాళ్లు చాలామంది బంకు దగ్గర లెక్క చూసుకుని మోసం అంటారు కానీ మోసం కాదండి, ఆ పరీక్ష రోడ్డు మీద చెయ్యరు, లోపల రోలర్ల మీద చేస్తారు, ఏసీ ఉండదు, గరిష్ఠంగా 90 కిమీ వేగం దాకానే వెళ్తారు, ఎదురుగాలి ఉండదు, గేదెలు అడ్డం రావు. రెండు బండ్లని పోల్చుకోడానికి ఆ అంకె పనికొస్తుంది, మన జేబు ఖర్చు లెక్కకి పనికిరాదు.

అందుకే ఈసారి బెంగళూరు వెళ్దాం అనుకున్నప్పుడే దారంతా సరిగ్గా కొలుద్దాం అని గట్టిగా అనుకున్నాను. మా బావమరిది పక్క సీట్లో కూర్చుని ప్రతి టోల్ దగ్గర కిలోమీటర్లు, టైము పుస్తకంలో రాసుకుంటూ వచ్చాడు. ఏలూరు దాటేసరికే వాడికి విసుగొచ్చింది, "బావా, స్క్రీను మీద 26 అని వస్తోంది కదా, ఇంకా ఈ రాతలెందుకు" అన్నాడు. ఆ స్క్రీనుని నమ్మకూడదనే రా ఈ రాతలన్నీ అన్నాను. స్క్రీను మీద వచ్చేది ఇంజెక్టర్లు ఎంత డీజిల్ కొట్టాయో కంప్యూటరు వేసుకున్న అంచనా, ట్యాంకులోంచి నిజంగా పోయింది కాదు. బెంగళూరు చేరేసరికి స్క్రీను 25.9 చూపించింది, ట్యాంకు లెక్క 23.8 వచ్చింది, అంటే లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కువ చెప్పింది. నాకు తెలిసిన చాలా బండ్లలో ఇంతే, స్క్రీను ఎప్పుడూ మనకి సంతోషం కలిగే వైపే తప్పుతుంది.

ఎలా కొలిచానంటే, అమలాపురంలో నేను ఎప్పుడూ కొట్టించే బంకులో, అదే నాజిల్, మొదటిసారి ఆటో కట్ అయ్యాక (నాజిల్ దానంతట అది ఆగిపోయాక) ఆపేయమన్నాను. మూతి దాకా కొట్టించడం వద్దండి, డీజిల్ నురగ ఎక్కువ, ఒకసారి నురగతో నిండుతుంది ఇంకోసారి డీజిల్‌తో నిండుతుంది, లెక్క మొత్తం పోతుంది. బెంగళూరులో దిగగానే ఫుల్ కొట్టించి బండి అపార్ట్‌మెంట్ కింద పెట్టేశాం, అక్కడ తిరగడానికి దాన్ని కదపలేదు. ఒక బంకు నాజిల్ కాస్త ముందు కట్ అవుతుంది, ఇంకో బంకుది కాస్త ఆగి కట్ అవుతుంది, అర లీటరు అటూఇటూ అయిందంటే 35 లీటర్ల మీద ఒకటిన్నర శాతం తేడా. అందుకని తిరిగొచ్చాక మళ్లీ అమలాపురం బంకులో అదే నాజిల్‌తో కొట్టించి రానూపోనూ కలిపి లెక్క వేశాను. వెళ్లేటప్పుడు 824 కిమీకి 34.6 లీటర్లు, వచ్చేటప్పుడు 826 కిమీకి 31.8. మొత్తం 1650 కిమీకి 66.4 లీటర్లు, అంటే 24.85. నన్ను ఎవరైనా ఈ బండి హైవే మైలేజీ ఎంత అంటే ఇకమీదట చెప్పేది ఈ అంకె ఒక్కటే.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఆ కిలోమీటర్లు ఫోన్లో జీపీఎస్ చూపించినవి, బండి మీటరు చూపించినవి కాదు. మీటరు మీద వెళ్లేటప్పుడు 842 తిరిగింది. నా టైర్లు 185/65 ఆర్15, కొత్తప్పుడు టైరు వ్యాసం సుమారు 62 సెంటీమీటర్లు, గాట్లు 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది, అంటే రెండు శాతం. టైరు చిన్నదైతే అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ చూపిస్తుంది. టైర్లు అరిగాక మైలేజీ పెరిగింది అని సంబరపడేవాళ్లు కొత్త టైర్లు వేయించగానే బండి తాగేస్తోంది అని మెకానిక్ దగ్గరికి పరిగెడతారు, చాలాసార్లు బండిలో ఏ తేడా ఉండదు.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందని మా వైపు గట్టి నమ్మకం. డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది నిజమే, పది డిగ్రీలకి ఒక శాతం లోపు. కానీ బంకు ట్యాంకులు భూమి లోపల ఉంటాయి, అక్కడ పొద్దున్నకీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు. తెల్లారగట్ల లేచి బంకుకి వెళ్లి కూర్చునే కంటే కొలత మీద అనుమానం ఉంటే అయిదు లీటర్ల డబ్బాతో కొలిచి చూపించమని అడగండి, ప్రతి బంకులో అది ఉండాలి, అడిగే హక్కు మనకుంది.

ఇక దారి. అమలాపురం నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం దాకా మామూలే, ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, అరటి గెలల ఆటోలు, కొబ్బరికాయల లారీలు, అక్కడిదాకా స్క్రీను 19 మీదే ఉంది. రావులపాలెంలో ఎన్‌హెచ్-16 ఎక్కి సిద్ధాంతం బ్రిడ్జి దాటాక బండి అసలు పని మొదలవుతుంది. తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు, రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది, టాప్ గేరులో 85, 90 మీద పెడితే ఇంజిను నిమిషానికి రెండు వేల చిల్లర తిరుగుళ్ల (ఆర్‌పీఎం) దగ్గర నిమ్మళంగా ఉంటుంది, కాలు కొంచెం ఆనిస్తే చాలు. విజయవాడ ట్రాఫిక్‌లో కొంత పోయింది, తర్వాత ఒంగోలు నెల్లూరు మధ్య వంపుల్లేని తిన్నటి రోడ్డు వచ్చినప్పుడు వేగం మార్చి చూశాను. 80 మీద నిలకడగా వెళ్తే స్క్రీను 29 చూపించింది, 100 మీద వెళ్తే 24.5. స్క్రీను ఎక్కువ చెప్తుంది అన్నాను కదా, కానీ రెండింటికీ ఒకేలా ఎక్కువ చెప్తుంది కాబట్టి పోల్చుకోడానికి పర్లేదు. 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది, ఆ డబ్బంతా మనం గాలికి కడుతున్నట్టే. 120 మీద చూడలేదండి, నాలుగు లైన్ల హైవే మీద కార్లకి పరిమితి 100, పైగా మన హైవేల మీద ఎప్పుడు ఎవరు డివైడర్ గండిలోంచి ట్రాక్టరు తిప్పుతారో తెలీదు, మైలేజీ పరీక్ష కోసం ఇంటిల్లిపాదినీ పణం పెట్టే పని నేను చెయ్యను, మీరూ చెయ్యకండి.

నాయుడుపేట దగ్గర తిరిగి శ్రీకాళహస్తి, రేణిగుంట, చిత్తూరు మీదుగా వెళ్లాం. చిత్తూరు దాటాక మొగిలి ఘాట్ ఎక్కితే ఇంక పలమనేరు నుంచి బెంగళూరు దాకా మనం ఎత్తు మీదే ఉంటాం. వెళ్లేటప్పుడు 23.8 రావడానికీ వచ్చేటప్పుడు 26 రావడానికీ సగం గుట్టు ఇక్కడే ఉంది. మా అమలాపురం సముద్రమట్టానికి కొన్ని మీటర్లే ఎత్తు, బెంగళూరు దాదాపు 900 మీటర్లు. మనుషులు, సామాను కలిపి పద్నాలుగు పదిహేను వందల కేజీల బండిని అంత ఎత్తుకి మోసుకెళ్లాలంటే లెక్క ప్రకారం సుమారు ఒక లీటరు డీజిల్ అదనంగా కావాలి. బ్రేకుల్లో పోగొట్టుకోకుండా గేరులోనే దిగితే తిరుగు ప్రయాణంలో దాంట్లో చాలావరకు వెనక్కొస్తుంది, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజిన్లోకి డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి. కొంతమంది ఘాట్ దిగేటప్పుడు మిగుల్తుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు, అది ప్రమాదం, పైగా న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కి డీజిల్ కాలుతూనే ఉంటుంది, మిగిలేది ఏమీ లేదు. మిగతా తేడా వేగంది, వెళ్లేటప్పుడు 95, 100 మీద లాగించాం, వచ్చేటప్పుడు 85, 90 దాటలేదు. ఇంటికి చేరడానికి గంటకి పైన ఆలస్యం అయిందంతే. కాబట్టి కొండ ప్రాంతం ఊళ్లకి వెళ్లి ఒకవైపు లెక్క మాత్రమే చూసి బండిని పొగడొద్దు, తిట్టొద్దు, రానూపోనూ చూడండి.

ఇంటి దగ్గర కథ వేరు. ఏటిగట్టు మీదా కాలువ గట్ల మీదా గంటకి 40 దాటలేం, ఎదురుగా బస్సు వస్తే మనం రోడ్డు దిగి ఆగాలి, దాళ్వా (రబీ వరి) కోతలప్పుడు సగం రోడ్డు ధాన్యం ఆరబోసి ఉంటుంది (అది రైతు కష్టం, దాని మీద ఎక్కించకుండా నిదానంగా పక్కనుంచి పోవాలి, హారన్ కొట్టడం కూడా తప్పే), భీమవరం వైపు వెళ్తే చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి, రోడ్డు జారుడు. చిన్న టర్బో డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి ఉండే గుణం ఏంటంటే తిరుగుళ్లు పద్దెనిమిది వందల లోపుంటే లాగుడు ఉండదు, దాటితే ఒక్కసారిగా వస్తుంది. మైలేజీ వస్తుందని గట్టు మీద నాలుగో గేరులో ఈడ్చుకెళ్లకండి, అప్పుడు కాలు ఇంకా లోపలికి తొక్కుతాం, డీజిల్ ఎక్కువ పోతుంది, ఇంజిను గుడగుడలాడుతుంది. మూడో గేరులో పోనిస్తే బండికీ సుఖం మనకీ సుఖం. ఎస్‌హెచ్‌విఎస్ ఉపయోగం కూడా ఇలాంటి చోటే తెలుస్తుంది, భీమవరంలో రైలు గేటు పడినప్పుడు న్యూట్రల్ చేసి క్లచ్ వదిలితే ఇంజిను దానంతట అది ఆగిపోతుంది, క్లచ్ తొక్కితే మళ్లీ స్టార్ట్. హైవే మీద మాత్రం దానివల్ల పెద్దగా తేడా లేదు.

ఏసీ సంగతి మన డెల్టా వాళ్లం ప్రత్యేకంగా చూడాలి. మా దగ్గర ఎండకంటే ఉక్కపోత ఎక్కువ, ఏసీ గాలిని చల్లబరచడంతో పాటు దాంట్లో తేమని నీళ్లు చేసి బయటికి పంపాలి, ఆ పనికి కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. హైవే మీద ఒక కిలోమీటరు తగ్గుతుంది, గట్ల మీద రెండు దాకా. అయినా ఏసీ ఆపి అద్దాలు దింపుకుని 90 మీద పోతే గాలి అడ్డు పెరుగుతుంది, లాభం లేదు. హాయిగా వేసుకోండి.

టైర్లలో గాలి పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, డోరు దగ్గర స్టిక్కరు మీద ఉన్న ప్రకారం, మనుషులు ఎక్కువైతే దానికి తగ్గట్టు. దారిలో వేడెక్కాక చూస్తే మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు తీయించేస్తే తర్వాత చల్లారాక తక్కువైపోతుంది. ఇంకొకటి వానాకాలంలో డీజిల్ ఫిల్టర్ కింద చేరే నీళ్లు. ఒకసారి ఒక బంకులో కొట్టించాక బండి తగ్గి తగ్గి లాగడం మొదలెట్టింది, మెకానిక్ ఫిల్టర్ కింద స్క్రూ విప్పితే నీళ్లు వచ్చాయి. అప్పట్నుంచి ప్రతి వర్షాకాలం అయ్యాక అది తీయించడం అలవాటు చేసుకున్నాను, అయిదు నిమిషాల పని.

యానాం గురించి రాయకపోతే మా వాళ్లు ఊరుకోరు. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ పన్ను తక్కువ కాబట్టి డీజిల్ మనకంటే లీటరు మీద పది రూపాయల పైచిలుకే తక్కువ. అమలాపురం నుంచి ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక బ్రిడ్జి దాటితే ముప్పై కిలోమీటర్లు ఉంటుంది. కేవలం డీజిల్ కోసం వెళ్లొస్తే అరవై కిలోమీటర్లు, రెండున్నర మూడు లీటర్లు దానికే పోతాయి, నలభై లీటర్లు కొట్టిస్తే నాలుగు వందలు మిగిలితే అందులో రెండొందల యాభై పైనే దారి ఖర్చు. నూట యాభై కోసం ఒక పూట పోగొట్టుకోవడం దండగ. కాకినాడ పని మీద వెళ్తుంటే మాత్రం ఖాళీ ట్యాంకుతో వెళ్లి నింపుకు రండి, నేను ఎప్పుడూ అదే చేస్తాను.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి కొనొచ్చా అని అడుగుతున్నవాళ్లకి. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు మానేసింది, కాబట్టి దొరికేవన్నీ అంతకు ముందువే. నెలకి రెండు మూడు సార్లు హైదరాబాదో వైజాగో వెళ్లేవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకోండి, 43 లీటర్ల ట్యాంకుతో నిదానంగా పోతే వెయ్యి కిలోమీటర్లు వస్తుంది, దారిలో బంకు వెతుక్కోవాల్సిన పని ఉండదు. రోజూ గట్టు మీద బజారుకీ పొలానికీ తిరిగేవాళ్లయితే వద్దు, 18 మైలేజీ కోసం డీజిల్ బండి సర్వీసు ఖర్చులు భరించడం కంటే పెట్రోలో సీఎన్‌జీయో నయం. ఢిల్లీలో లాగా పదేళ్లకే డీజిల్ ఆపేయాలన్న గొడవ మన దగ్గర లేదు, పదిహేనేళ్లకి ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి, అది మనసులో పెట్టుకుని రేటు మాట్లాడండి. కొనేముందు బండిని లిఫ్ట్ మీద ఎత్తించి కింద భాగం చూడండి, సముద్రం దగ్గర అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగిన బండ్లకి ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేది అక్కడే.