పాత ఎంఎం 540కి బొలెరో పవర్ స్టీరింగ్: కొన్నేళ్లు నడిపాక నా అభిప్రాయం

మాది మహీంద్రా ఎంఎం 540 జీపు. 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్, ముందూ వెనకా కమాన్ కట్టలు, మాన్యువల్ స్టీరింగ్. 6.00-16 టైర్లు ఉన్నన్నాళ్లూ స్టీరింగ్ గురించి పెద్దగా ఆలోచించలేదు. 215/75 ఆర్15 మడ్ టైర్లు వేశాక మాత్రం ఇరుకు మలుపులో తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. అందుకే బొలెరో పవర్ స్టీరింగ్ బాక్సు, దానికి ఆయిల్ తోసే పంపు వేయించాను. ఐదారేళ్లుగా నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు, చింతపల్లి అవతల కాఫీ తోటల దారులు అన్నీ దీంతోనే తిరుగుతున్నాను. వేయించుకోవచ్చా అని అడిగేవాళ్లకు తప్పకుండా వేయించుకోమనే చెబుతాను. అయితే ముందు చాసీ (బండి అడుగు ఫ్రేము), స్టీరింగ్ రాడ్లు బాగుచేయించాకే బాక్సు కొనాలి.

ఎందుకంటే పవర్ స్టీరింగ్ చేతికి బరువు తగ్గిస్తుంది గానీ ప్లే, అంటే జాయింట్లలో ఉండే వదులు, తగ్గించదు. అరిగిన టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాల్ని కలిపే రాడ్ చివరి జాయింట్లు), వదులైన కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే పిన్ను) బేరింగులు, నలిగిపోయిన కమాన్ బుష్‌లు అలాగే ఉంటాయి. చెయ్యి తేలిక కాబట్టి వెంటనే తెలియవు, అదే ప్రమాదం. బండి నేల మీదే ఉంచి, ఒక మనిషిని స్టీరింగ్‌ని కొంచెం అటూ ఇటూ ఆడించమని చెప్పి, మీరు కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టి చూడండి. రాడ్ కదిలాక గానీ దానికి బిగించిన ఆర్మ్ కదలకపోతే, మధ్యలో ఉన్న ఆ చిన్న ఆలస్యం వేలికి స్పష్టంగా తెలుస్తుంది. అది ఎక్కడ తగిలితే అక్కడ పార్టు మార్చాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి చాసీ. మాన్యువల్ స్టీరింగ్‌లో మన చేతి బలం ఎంతో అంతే తోపు. ఇప్పుడు పంపు తోస్తుంది. చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నా వదలకుండా తోస్తుంది. ఆ బలమంతా బాక్సు బిగించిన మూడు నాలుగు బోల్టుల దగ్గరే పడుతుంది. పాత చాసీకి ఉత్తినే రంధ్రాలు పెట్టి బాక్సు తగిలిస్తే కొన్నాళ్లకి అక్కడే చీలిక మొదలవుతుంది. మా మేస్త్రి చాసీకి మందపాటి ప్లేటు వెల్డింగ్ చేసి, ప్రతి బోల్టుకీ లోపల గొట్టం ముక్క పెట్టాడు. బోల్టు ఎంత బిగించినా చాసీ లోపలికి నొక్కుకోదు. ఈ పనికి రెండు రోజులు అదనంగా పట్టినా పట్టనివ్వండి. ఇప్పటికీ నూనె మరకలు తుడిచి, టార్చి వేసి ఆ ప్లేటు అంచులు చూస్తుంటాను. ఎక్కడా వెంట్రుకంత గీత కూడా లేదు.

స్టీరింగ్ కాలమ్ నుంచి బాక్సు దాకా వచ్చే షాఫ్టును ముక్కలు కోసి అతికిస్తామని కొందరంటారు. ఒప్పుకోవద్దు. సరైన కొలతకి యూనివర్సల్ జాయింట్లు (వంపులోనూ తిరిగే జాయింట్లు) ఉన్న షాఫ్టు వేయించండి.

ఇక నడపడం. మాన్యువల్ ఉన్నప్పుడు ముందు టైరు రాయికి తగిలితే స్టీరింగ్ ఒక్కసారిగా గిర్రున తిరిగి బొటనవేలికి కొట్టేది. ఇప్పుడు ఆ కుదుపు బాక్సులోని ఆయిలే మింగేస్తుంది. తోట దారిలో ఎక్కుతూ మలుపు తీసుకోవడం ఒక్క చేత్తో అయిపోతుంది. డెబ్బై దాటిన మా నాన్నగారు మళ్లీ జీపు తీస్తున్నారు. నాకైతే పెట్టిన ఖర్చంతా ఆ ఒక్కదానికే తీరిపోయింది.

హైవే మీద మాత్రం మొదట్లో నచ్చలేదు. అనకాపల్లి వైపు 70 దాటితే స్టీరింగ్ మరీ తేలికై, మలుపు తర్వాత తనంతట తాను నిటారుకి వచ్చేది కాదు. కమాన్ కట్టకీ యాక్సిల్‌కీ మధ్య వెడ్జ్ ప్లేట్లు (ఒకవైపు మందంగా ఉండే ఏటవాలు ప్లేట్లు) వేసి, కింగ్ పిన్ పైభాగం కొద్దిగా వెనక్కి వాలేలా చేయించాక కుదిరింది. ఎక్కువ వాలిస్తే ముందు చక్రాలకి శక్తి పంపే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు మూలుగుతుంది, కాబట్టి కొద్దిగానే. బాక్సు మీది సర్దుబాటు స్క్రూని బిగించేసి ప్లే పోయిందనే మెకానిక్‌లున్నారు. అది అతిగా బిగిస్తే స్టీరింగ్ వెనక్కి రాదు, లోపలి పళ్లు కూడా అరిగిపోతాయి.

వర్షాకాలంలో గెడ్డ (వాగు) దాటేటప్పుడు పంపు బెల్టు తడిసి జారితే స్టీరింగ్ ఉన్నట్టుండి బరువెక్కుతుంది. టెన్షన్ పడకండి, చక్రాలతో లింకు తెగదు. ఇంజన్ ఆగిపోయినా బలంగా తిప్పితే తిరుగుతుంది. బెల్టు బిగువు, పుల్లీల వరుస సరిగ్గా ఉంటే ఇది చాలావరకు రాదు.

ఇన్నేళ్లలో చేయించిన పెద్ద రిపేరు ఒక్కటే, డ్రాప్ ఆర్మ్ (బాక్సు షాఫ్టుకి బిగించి, స్టీరింగ్ రాడ్‌ని తోసే ఆర్మ్) పైన ఉండే ఆయిల్ సీల్. బురదంతా చేరేది అక్కడే. బాక్సు కింద ఎర్రటి ఆయిల్ చెమ్మ కనబడితే అదే. డ్రాప్ ఆర్మ్‌ని సుత్తితో కొట్టి ఊడదీయనివ్వకండి, లోపలి బేరింగులు దెబ్బతింటాయి, పుల్లర్‌తోనే తీయించండి. ఆ బాక్సు షాఫ్టు మీద తుప్పు గుంటలుంటే కొత్త సీల్ కూడా నిలవదు. సీల్ ఎక్కించే ముందు షాఫ్టు పళ్ల మీద టేపు చుట్టాలి, లేకపోతే పళ్ల అంచుకి సీల్ పెదవి అక్కడే చిరుగుతుంది.

ఆ తర్వాత ఆయిల్‌లో చిక్కిన గాలి తీయడం. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజన్ ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి నెమ్మదిగా తిప్పుతూ పంపు ఆయిల్ డబ్బాలో బుడగలు ఆగేదాకా ఏటీఎఫ్ ఆయిల్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్) పోస్తూ ఉండాలి. అప్పుడే స్టార్ట్ చేయాలి. నురగ ఉండగానే స్టార్ట్ చేస్తే పంపు ఏడుపు మొదలుపెడుతుంది, ఆ శబ్దం కొన్నాళ్లు కొనసాగితే పంపు పోయినట్టే. పూర్తిగా తిప్పేసిన స్టీరింగ్‌ని అలాగే పట్టుకుని ఉంచినా పంపు వేడెక్కి పాడవుతుంది, చివరికి తగలగానే కొంచెం వదలాలి.