ప్లేనో నుంచి చాండ్లర్‌కు ఆర్‌వీలో: దారి బాగుంది, చేరాకే గొడవ

ఆర్‌వీలో, అంటే పడకలు, వంటిల్లు, స్నానాల గది అన్నీ ఉండే బండిలో, పిల్లల ఇంటికి వెళ్తే హోటల్ ఖర్చు కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మావారికి ఆ మాట చెప్పింది ఆయన వాకింగ్ ఫ్రెండ్. రిటైరయ్యాక ఈయనకు లెక్కలు వేసుకోవడానికి బోలెడంత తీరిక. అమ్మాయి ఇంటి ముందు బండి పెట్టుకుని, రాత్రి మన పరుపు మీద మనం పడుకుని, పగలంతా మనవడితో గడపొచ్చు అని ప్లాన్ గీసేశారు. టెక్సస్‌లోని ప్లేనోలో మేం, అరిజోనాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో వాళ్ళు. విమానమైతే రెండున్నర గంటల్లో దించేస్తుంది. గ్రాండ్ క్యాన్యన్ కూడా చూసుకుంటూ మేం వెళ్ళిన దారి దాదాపు 1,300 మైళ్ళు.

అద్దెకు తీసుకున్నది 25 అడుగుల క్లాస్ సి బండి, డ్రైవర్ నెత్తిన కూడా ఒక పడక ఉండే రకం. రోజుకు 139 డాలర్లు, ఇన్సూరెన్స్ 28. రోజుకు వంద మైళ్ళు ఫ్రీ, ఆపైన మైలుకు 39 సెంట్లు. జెనరేటర్ వేస్తే గంటకు 4. గిన్నెలు, దుప్పట్ల కిట్‌కు 110 అన్నారు. మా ఇంట్లో గిన్నెలకేం తక్కువ అని నేనే వద్దన్నాను. బండి అప్పగించిన అబ్బాయి ఇరవై నిమిషాల్లో గ్రే ట్యాంకు (వాడేసిన సబ్బునీళ్ళది), బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది), ప్రొపేన్, ఇన్వర్టర్ అని గడగడా అప్పజెప్పేశాడు. అదంతా ఫోన్లో వీడియో తీసుకోండి. మావారు తీసుకున్నారు కాబట్టి బతికిపోయాం.

మొదటి మజిలీ పాలో డ్యూరో స్టేట్ పార్క్. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చినది ఇదే. అమరిల్లో చుట్టుపక్కల అంతా చదునైన నేల, చెట్టన్నది కనపడదు. అలా పోతూ పోతూ ఉంటే ఒక్కసారిగా నేల విచ్చుకుని ఎర్రటి లోయ బయటపడుతుంది. గ్రాండ్ క్యాన్యన్ తర్వాత దేశంలో పెద్దది ఇదేనట. లోయలోకి దిగే రోడ్డు 10 శాతం వాలు. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకుండా తక్కువ గేరులో దిగాలి. మావారు ఆ పది నిమిషాలూ నన్ను మాట్లాడొద్దన్నారు. సైటులో కరెంటు, నీళ్ళు ఉన్నాయి. డ్రైనేజీ కనెక్షన్ లేదు, వెళ్ళేటప్పుడు డంప్ స్టేషన్లో ఖాళీ చేసుకోవాలి. ఎంట్రీతో కలిపి రెండు రాత్రులకు 90 డాలర్లు కూడా కాలేదు. పొద్దున్నే అడవి టర్కీ కోళ్ళు మా మెట్టు దాకా వచ్చి, నేను పడేసిన అటుకులు చూసి మొహం తిప్పుకుని వెళ్ళాయి.

అక్కడ క్యాంప్ హోస్టులని ఉంటారు. పార్కు వాళ్ళకు సైటు ఊరికే ఇస్తుంది, బదులుగా వాళ్ళు వచ్చేపోయేవాళ్ళ మంచీచెడ్డా చూసుకోవాలి. మాకు దొరికిన జంట డెబ్బై దాటినవాళ్ళు, ఇల్లు అమ్మేసి బండిలోనే కాపురం చేస్తున్నారు. మొదటి సాయంత్రం నేను పప్పుకి కుక్కర్ పెడితే, రెండో కూతకే ఆ పెద్దాయన గ్యాస్ లీకనుకుని పరిగెత్తుకొచ్చాడు. విషయం తెలిశాక వాళ్ళావిడ కూడా వచ్చింది. ఇద్దరూ పప్పన్నం, ఆవకాయ తిని వెళ్ళారు. మర్నాడు ట్యాంకులు ఖాళీ చెయ్యడం దగ్గరుండి నేర్పించాడాయన: చేతులకు గ్లవ్స్, ముందు బ్లాక్, తర్వాత గ్రే. అలా చేస్తే సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. అద్దె ఆఫీసు అబ్బాయి ఈ ముక్క చెప్పనే లేదు.

వంట గురించి ఒక మాట. ఈ బండికి వచ్చేది 30 ఆంప్స్ కరెంటు. 120 వోల్టుల దగ్గర అంటే అంతా కలిపి 3,600 వాట్లు. ఏసీ తిరుగుతూ ఉండగా మైక్రోవేవ్, రైస్ కుక్కర్ రెండూ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. నేను ఏసీ కట్టేసి వండితే ఆయనకు ఉక్క, ఏసీ వేస్తే అన్నం ఆలస్యం. ఈ ఒక్క విషయం మీదే మా ఇద్దరికీ న్యూమెక్సికో మొత్తం మాటల్లేవు. పోపు వేసేముందు పైన ఫ్యాను పెట్టి, తలుపు తీసి పెట్టండి. లేకపోతే స్మోక్ అలారం మొత్తుకుంటుంది.

న్యూమెక్సికోలో ఏప్రిల్ గాలి సంగతి ఎవరూ చెప్పరు. ఐ-40 మీద పక్కనుంచి కొట్టే గాలికి బండి లేన్ మారిపోతుంటుంది. పెద్ద ట్రక్కు దాటినప్పుడల్లా ఒక కుదుపు. ఒక పూట ప్రయాణం మానుకుని ట్రక్ స్టాప్‌లో ఆగిపోయాం. అలాంటప్పుడు వాల్‌మార్ట్‌లో ఆపుకోవచ్చంటారు. అది ఊరి రూల్సును బట్టి, ఆ స్టోర్ మేనేజర్ ఇష్టాన్ని బట్టి ఉంటుంది, ముందే ఫోన్ చేసి అడగాలి. అల్బుకర్కీలో భోజనం మాత్రం ఆయన అలక తీర్చింది. ఎంచిలాడా (లోపల కూరిన మొక్కజొన్న రొట్టె చుట్టలు) మీద ఎర్ర మిర్చి సాసా, పచ్చ మిర్చి సాసా అని అడుగుతారు, రెండూ కావాలంటే ‘క్రిస్మస్’ అనాలి. కారమంటే అది కారం. చివర్లో పూరీలా పొంగిన సోపపియా, తేనె పోసుకు తినడానికి. ఇద్దరికీ టిప్పుతో 41 డాలర్లు. శాకాహారులు మాత్రం పచ్చ మిర్చి స్టూ జోలికి వెళ్ళేముందు అడగండి, చాలాచోట్ల పంది మాంసం వేస్తారు.

గ్రాండ్ క్యాన్యన్ గురించి నేను కొత్తగా రాసేదేం లేదు. గేటు దగ్గర సీనియర్ పాస్ కొనుక్కోండి. 62 నిండిన సిటిజన్లకూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ 80 డాలర్లకు జీవితకాలం పాస్. ఒక్కసారి ఎంట్రీకే కారుకు 35 ఉన్నచోట అది చాలా చవక. బండిలో మనతో ఉన్నవాళ్ళకూ అదే సరిపోతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మాత్రం ఇవ్వరు. “జీవితకాలం!” అని మావారు పాస్ తిప్పి తిప్పి చూసుకుంటుంటే, “డబ్బు గిట్టుబాటు కావాలంటే రోజూ వాకింగ్ మానకండి” అన్నాను. మేం ఉన్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో సైటుకు కరెంటు లేదు, జెనరేటర్ వాళ్ళు చెప్పిన గంటల్లోనే వెయ్యాలి. 7,000 అడుగుల ఎత్తు, ఏప్రిల్లోనూ రాత్రి గడ్డకట్టే చలి. రెండేసి దుప్పట్లు పట్టుకెళ్ళండి.

ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఐ-17 మీద దిగుడే దిగుడు. సాయంత్రానికి చాండ్లర్ చేరాం. మనవడు బండి చూసి గంతులేశాడు, పైపడక ఎక్కి అక్కడే పడుకుంటానని మారాం చేశాడు. ఆ రాత్రి ఇంటి ముందే ఆపాం. పొద్దున్నే అద్దానికి నోటీసు అంటించి ఉంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) రూల్ ప్రకారం సామాను దించుకునేంతసేపే ఆర్‌వీ ఆగాలట, లేకపోతే 50 డాలర్లు ఫైన్. “మామయ్యగారూ, మీరేం అనుకోకండి, ఇక్కడ అందరికీ ఇంతే” అని అల్లుడు నలిగిపోయాడు. బండిని స్టోరేజీలో పెట్టించి మమ్మల్ని గెస్ట్ రూములో ఉండమన్నాడు. మావారు వింటేగా! రోజుకు 167 డాలర్లు బండికి కడుతూ గదిలో పడుకోవడమేమిటని ఆయన వాదన.

అందుకని పక్క ఊరు మీసాలో ఒక 55 ప్లస్ ఆర్‌వీ పార్కు వెతికారు. పేరు చెప్పను. 55 దాటినవాళ్ళకే అని పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఫోన్లో అడిగితే రాత్రికి 62 డాలర్లు, మనవడు వచ్చిపోవచ్చు అన్నారు. వెళ్ళాక రిసార్ట్ ఫీజు 9, కార్డుకు 3 శాతం, పన్ను. ‘వచ్చిపోవచ్చు’ అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళు రాత్రి ఉండకూడదు, స్విమ్మింగ్ పూల్‌లోకి పదకొండు నుంచి ఒంటిగంట దాకానే, మనిషికి రోజుకు 5 డాలర్లు. ఆరేళ్ళ పిల్లాడికి కూడా! ఆ వేళకు వాడు స్కూల్లో ఉంటాడు కదమ్మా అంటే, ఆఫీసులో ఆవిడ తలెత్తకుండా వేలితో కాగితం చూపించింది.

మర్నాడు నేను రెండు చీరలు ఉతికి, బండి పక్కన తాడు కట్టి ఆరేశాను. పావుగంటలో అదే ఆవిడ గోల్ఫ్ కార్టులో వచ్చి, బయట బట్టలు ఆరేస్తే పార్కు అందం పోతుంది, తీసెయ్యమంది. సరే, రూల్ రూలే. తీస్తుంటే అక్కడే నిలబడి ఫోటో తీసుకుంది! మాకు ముందు వరసలో ఒకాయన బండి ముందు ప్లాస్టిక్ ఫ్లెమింగోలు పదిహేను దాకా ఉన్నాయి, అవి అందమే కాబోలు. ఎండ 95 డిగ్రీలు, చీరలు లోపల స్నానాల గదిలో వేలాడాయి, ఆయన ప్రతిసారీ వాటిని తప్పించుకుంటూ వెళ్ళి గొణిగేవారు.

ఇంకో చిక్కు, మాకు ఉన్న వాహనం ఆ బండి ఒక్కటే. అమ్మాయి ఇంటికి వెళ్ళాలంటే నీళ్ళ గొట్టం, కరెంటు, డ్రైనేజీ అన్నీ ఊడదీసి కదలాలి. లేదా ఊబర్, ఒకవైపుకు 31 డాలర్లు. రెండు రాత్రులు చూసి నేను నా పెట్టె తీసుకుని గెస్ట్ రూముకు వెళ్ళిపోయాను. ఆయన పట్టుదలతో అక్కడే ఉన్నారు. రోజూ పొద్దున్న అమ్మాయి ఆఫీసుకు వెళ్తూ నాన్నను తెచ్చి దింపేది, రాత్రి అల్లుడు మళ్ళీ దిగబెట్టేవాడు. పాపం, ఆ ఇద్దరికీ మా రాకతో ఇరవయ్యేసి మైళ్ళ డ్యూటీ పడింది. ఒక ఆదివారం మాత్రం మారికోపాలోని మహాగణపతి గుడికి అందరం బండిలోనే వెళ్ళాం. మనవడికి పైపడక ఎక్కాలని ఉన్నా, సీటులో బెల్టు పెట్టుకునే కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణం ఐ-10, ఐ-20 మీద ఏ గొడవా లేకుండా సాగింది.

మావారు ఎక్సెల్‌లో వేసిన మొత్తం 4,310 డాలర్లు, అందులో బండి పెట్రోలే 842. అదే వారాల్లో విమానం టికెట్లు ఇద్దరికీ రానూపోనూ 480 ఉండేవి, నేను చూశాను. అయినా పాలో డ్యూరోకు మళ్ళీ వెళ్ళమంటే ఇప్పుడే బయల్దేరతాను. పిల్లల ఇంటి ముందు పెట్టుకుందామనే ఉద్దేశంతో మాత్రం బండి తీసుకోకండి. ముందు హెచ్‌ఓఏ కాగితాలు తెప్పించుకుని చదవండి. ఆర్‌వీ పార్కులో పిల్లల సంగతి అడిగినప్పుడు, రాత్రి ఉండొచ్చా అని విడిగా అడిగి, జవాబు ఈమెయిల్లో తీసుకోండి. అక్టోబరుకు మేం విమానంలోనే వెళ్ళి, ఫీనిక్స్‌లో మూడు రోజులకు బండి తీసుకుని మనవణ్ణి గ్రాండ్ క్యాన్యన్ తీసుకెళ్తున్నాం. ఈసారి పైపడక వాడిది, రైస్ కుక్కర్ ప్లేనోలోనే ఉంటుంది.