థ్రెడ్ మేలా, బ్లూటూత్ మెష్ మేలా?

దీపాలు, సెన్సర్ల లాంటి చిన్న పరికరాలు ఒకదాని సందేశాన్ని మరొకటి అందిస్తూ తీగల్లేకుండా మాట్లాడుకునే నెట్‌వర్కులు ఈ రెండూ. నాణెమంత సీఆర్2032 బ్యాటరీలో ఉండేది సుమారు 220 మిల్లీయాంపియర్ అవర్లు. అలాంటి పరికరంలోని వైర్‌లెస్ రేడియో ఊరికే చెవి ఒగ్గి కూర్చున్నా 5 మిల్లీయాంపియర్ల దాకా తాగుతుంది. అంటే రెండు రోజులు కూడా నిలవదు. కాబట్టి ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, సందేశాలను ముందుకు అందించే నోడ్లు (నెట్‌వర్కులోని పరికరాలు) కరెంటు ప్లగ్గుకు తగిలి ఉండాల్సిందే. ప్రచార పత్రాలు ఈ మాటను గట్టిగా చెప్పవు.

2017లో వచ్చిన బ్లూటూత్ మెష్‌ది దండోరా పద్ధతి. విన్న ప్రతి రిలే నోడూ మళ్లీ చాటుతుంది. దారులు గుర్తుపెట్టుకునే బెడద లేదు. ఒక్క మీటతో నలభై దీపాలు వెలిగించాలంటే నా ఓటు దీనికే. ఫోనుతో నేరుగా పలకరించవచ్చు కూడా. కానీ పదుల కొద్దీ సెన్సర్లు క్షణక్షణం మాట్లాడటం మొదలుపెడితే గాలంతా సంత అవుతుంది.

థ్రెడ్ పోస్టుమ్యాన్ లాంటిది. 802.15.4 అనే తక్కువ కరెంటు రేడియో ప్రమాణం మీద, ఇంటర్నెట్‌లో వాడే ఐపీవీ6 చిరునామా చూసి, దారి వెతికి అందిస్తుంది. ఒక రౌటర్ (సందేశాలు అందించే నోడ్) ఆగిపోతే మిగతావి దారి మార్చుకుంటాయి. నిద్రపోయే సెన్సర్ అప్పుడప్పుడు లేచి, తన సందేశాలు దాచిపెట్టే పేరెంట్ రౌటర్‌ను ‘నాకేమైనా వచ్చిందా?’ అని అడిగి మళ్లీ పడుకుంటుంది. బ్లూటూత్ మెష్‌లో ఈ పేరెంట్ పని ‘ఫ్రెండ్’ నోడ్‌ది. థ్రెడ్‌కు బయటి నెట్‌వర్కుతో కలిపే బోర్డర్ రౌటర్ అదనపు ఖర్చు. అయినా బ్యాటరీ సెన్సర్లు ఎక్కువైతే నేను థ్రెడ్ వైపే మొగ్గుతాను. ఎటూ తేలకపోతే ఎన్ఆర్ఎఫ్52840 అనే రేడియో చిప్ ఉన్న బోర్డులు నాలుగు కొనండి, వాటి మీద రెండూ నడుస్తాయి.