ఫారెస్ట్ లాన్, హాలీవుడ్ హిల్స్: సమాధుల తోటలో ఒక మీటింగ్ హౌస్

లాస్ ఏంజెలెస్ వెళ్ళే మనవాళ్ళు ఫారెస్ట్ లాన్ శ్మశాన ఉద్యానానికి ఎక్కువగా సినీతారల సమాధులు చూడ్డానికే వెళ్తారు. వెళ్ళండి, కానీ అక్కడి ‘చర్చ్ ఆఫ్ ది హిల్స్’ దగ్గర ఒక అరగంటైనా ఆగండి. దేశానికి అవతలి కొసన, మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ ఊళ్ళో ఉన్న ఫస్ట్ పారిష్ మీటింగ్ హౌస్ నమూనాగా కట్టిన చర్చి ఇది. అసలుది కవి లాంగ్‌ఫెలో కుటుంబం ప్రార్థనకు వెళ్ళిన చోటు.

చర్చి అనకుండా మీటింగ్ హౌస్ అనడానికి కారణం ఉంది. న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య ప్రాంతం)లో స్థిరపడ్డ ప్యూరిటన్లు అనే నిష్ఠాపరులైన ప్రొటెస్టంట్ల దృష్టిలో చర్చి అంటే భక్తజనమే, భవనం కాదు. ఆదివారం ప్రార్థన, ఇతర రోజుల్లో ఊరి సభ అదే కప్పు కింద జరిగేవి. విగ్రహాలుండవు, ప్రసంగ వేదికకే పెద్దపీట. పోర్ట్‌లాండ్‌లో 1740 నాటి చెక్క కట్టడంలోనే 1819లో మెయిన్ రాజ్యాంగ సభ కూర్చుంది. దాని స్థానంలో 1826కల్లా ఇప్పటి గ్రానైట్ కట్టడం లేచింది. ఈ సంగతి తెలిసి చూస్తేనే ఆ నిరాడంబరతకు అర్థం తెలుస్తుంది. లారెల్-హార్డీ జంటలోని స్టాన్ లారెల్ అంత్యక్రియల ప్రార్థన 1965లో జరిగింది ఇక్కడి చర్చ్ ఆఫ్ ది హిల్స్‌లోనే.

చాలామంది తప్పేది అడ్రసు దగ్గరే. మ్యాప్‌లో ఒట్టి ‘ఫారెస్ట్ లాన్’ అని కొడితే గ్లెండేల్‌లోని పాత ఉద్యానానికి తీసుకుపోవచ్చు. రెండింటి మధ్య కారులో పావుగంట పైనే. 6300 ఫారెస్ట్ లాన్ డ్రైవ్ అని పూర్తిగా కొట్టండి. 134 ఫ్రీవే మీద అదే పేరుతో ఎగ్జిట్ ఉంది. టికెట్ లేదు, పార్కింగ్‌కి డబ్బు కట్టక్కర్లేదు. గేటు దగ్గర మ్యాప్ అడిగి తీసుకోండి. లోపలంతా కొండ దారి, పెద్దవాళ్ళతో నడిచి తిరగడం కుదరదు, కారు ఉండాల్సిందే.

చర్చి తర్వాత ఉద్యానంలోనే ఉన్న కోర్ట్ ఆఫ్ లిబర్టీకి వెళ్ళండి. అక్కడ బోస్టన్ ఓల్డ్ నార్త్ చర్చికి ప్రతిరూపం ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలయ్యే ముందు, 1775 ఏప్రిల్ 18 రాత్రి బ్రిటిష్ సేన కదలికను రెండు లాంతర్లతో తెలిపింది అసలు చర్చి గోపురం మీది నుంచే. ఆ కథను ఇంటింటికీ చేర్చింది కూడా లాంగ్‌ఫెలో పద్యమే. కాబట్టి ఈ రెండు చర్చిలనూ ఒకదాని వెంట ఒకటి చూడాలి. పక్కనే 162 అడుగుల పొడవు, 28 అడుగుల ఎత్తు మొజాయిక్ గోడ, కోటి వెనీషియన్ గాజు ముక్కలతో పేర్చింది. దగ్గర నుంచి చూస్తే ముక్కలే కనిపిస్తాయి, కాబట్టి వెనక్కి వచ్చి చూడండి. అక్కడ నీడ తక్కువ. ఎండాకాలం ఉదయమే వెళ్ళడం మేలు, నీళ్ళు వెంట ఉంచుకోండి.

ఇది ఇప్పటికీ రోజూ అంత్యక్రియలు జరిగే స్థలం. చర్చి ముందు కార్ల వరుస కనిపిస్తే లోపలికి పోకూడదు, ఫోన్ కూడా తీయకూడదు. ఒక గంట ఆగి రండి. వారాంతంలో కన్నా మామూలు రోజుల్లో వీలు ఎక్కువ. ఇక్కడ సమాధి ఫలకాలు చాలావరకు నేలకు సమంగా, గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. చూసుకోకుండా నడిస్తే వాటి మీదే కాలు పడుతుంది. ఫలానా నటుడి సమాధి ఎక్కడని సిబ్బందిని అడిగితే చెప్పరు. వివరాలు ముందే రాసుకుని వెళ్ళాలి.

బసకు హాలీవుడ్ కన్నా బర్బాంక్ నయం. ఉద్యానం అక్కడికి దగ్గర, విమానాశ్రయమూ వార్నర్ స్టూడియో టూరూ ఆ ఊళ్ళోనే. హోటల్ గది ధర చూసేటప్పుడు రాత్రి పార్కింగ్ రుసుము విడిగా అడగండి, తేడా అక్కడే వస్తుంది. పిల్లలుంటే దగ్గరలోని ట్రావెల్ టౌన్ రైలు మ్యూజియంలో పాత ఆవిరి ఇంజన్లు ఉచితంగా చూడొచ్చు. మధ్యాహ్నం తర్వాత 134, 101 మీదుగా పాతిక మైళ్ళు వెళ్తే మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి. సాయంత్రం 101 మీద రద్దీ ఎక్కువ, 3 లోపే బయల్దేరండి.