లాంతరు వెలుగులో సైగలు: ఎనిమిదేళ్లుగా చదువుతున్న ఆమిష్ ప్రేమ నవలల గురించి

ఆమిష్ వారంటే కరెంటు, కార్లు వంటివాటికి దూరంగా పాత పద్ధతుల్లో బతికే అమెరికాలోని ఒక క్రైస్తవ సముదాయం. వారి గురించిన ఈ నవలలు నా చేతికి రావడానికి మా అక్క కారణం. న్యూజెర్సీలో ఉండే అక్క ఒకసారి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ ప్రాంతం చూసి, అక్కడ కొన్న పుస్తకాన్ని విజయవాడలో మా ఇంట్లో వదిలి వెళ్లింది. ఈ ఎనిమిదేళ్లలో ముప్పైకి పైగా చదివాను. వైకల్యం ఉన్నవారి ప్రేమకథలనే ఏరి మరీ చదివాను, ఎందుకంటే మా తమ్ముడికి పుట్టుకతోనే వినికిడి లేదు. గుర్రపు బగ్గీల గురించి, ఊరంతా కలిసి ఒక్క రోజులో కొట్టం కట్టడం గురించి ఈ నవలల పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు. నేను చెప్పదలచుకున్నది ఒక లాంతరు గురించి.

ఒహాయోలోని హోమ్స్ కౌంటీలో సాగే ఒక నవలలో కథానాయకుడు వినికిడి లేని వడ్రంగి. పెళ్లయిన కొత్తలో ఒక రాత్రి వాదన ముదిరి, భార్య కోపంతో లాంతరు వత్తి తగ్గించేస్తుంది. అతని చేతులు ఇంకా కదులుతూనే ఉంటాయి, కానీ ఆమెకు కనబడవు. కరెంటు లేని ఇంట్లో దీపం తగ్గించడమంటే భర్త నోరు మూయించడమేనని ఆమెకు అప్పుడు తడుతుంది. వెంటనే వత్తి పెంచి, తన ముఖమూ అతని చేతులూ రెండూ వెలుగులో ఉండేటట్లు లాంతరును ఎత్తి పట్టుకుంటుంది. అలా పట్టుకున్నాక ఆమెకు ఒక్క చెయ్యే మిగులుతుంది. ఆ చేత్తోనే, సగం సగం సైగలతో, క్షమించమని అడుగుతుంది.

ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మా చిన్నతనంలో రాత్రిపూట కరెంటు పోతే మేమంతా చీకట్లోనే కబుర్లు కొనసాగించేవాళ్లం. తమ్ముడు మాత్రం తడుముకుంటూ నా పక్కకు వచ్చి, నా అరచేయి తెరిచి, అందులో వేలితో ‘ఏమంటున్నారు’ అని ఒక్కొక్క అక్షరమే రాసేవాడు. నేను ‘ఏం లేదు’ అని రాసేదాన్ని.

ఆ ఒక్క దృశ్యం కోసమే ఈ నవలను కనబడిన వారందరికీ చదవమని చెప్పాను. మూడోసారి చదివినప్పుడు మాత్రం కొన్ని సంగతులు ఇబ్బంది పెట్టాయి. కథానాయకుడు అందరి పెదవులూ చూసి అన్నీ గ్రహిస్తాడు. ఆమిష్ వారు ఇంట్లో పెన్సిల్వేనియా జర్మన్ మాట్లాడతారు, ఆరాధనలో పాత జర్మన్ బైబిల్ చదువుతారు, బడిలో ఇంగ్లీషు నేర్చుకుంటారు. వినికిడి లేని పిల్లవాడు ఈ మూడింటినీ పెదవుల మీద ఎలా పట్టుకోగలిగాడో రచయిత్రి ఎక్కడా చెప్పలేదు. పెళ్లయిన పురుషులు గడ్డం పెంచినా మీసం ఉంచుకోరు కనుక పై పెదవి కనబడుతుంది. అంత చక్కటి ఆధారం చేతిలో ఉండి కూడా ఆమె వాడుకోలేదు. పైగా ఆరాధనలో స్త్రీ పురుషులు వేరువేరుగా కూర్చుంటారు కదా, సుమారు మూడు గంటలపాటు సాగే ఆ ఆరాధనలోని ప్రసంగాలను భార్య అతనికి సైగలతో ఎలా చెబుతుంది?

ఇంతకంటే పెద్ద ఫిర్యాదు ఈ నవలలన్నింటి మీదా ఉంది. నేను చదివిన వాటిలో వైకల్యం దాదాపు ఎప్పుడూ ప్రమాదం వల్లనో జ్వరం వల్లనో వస్తుంది, చాలాసార్లు చివరి అధ్యాయంలో ప్రార్థనతోనో శస్త్రచికిత్సతోనో పోతుంది. కానీ నిజమైన లాంకాస్టర్‌లో పుట్టుకతో వచ్చే జన్యువ్యాధులు తెలియని విషయం కాదు. కొద్దిమంది పూర్వీకుల సంతతి తమలో తామే తరతరాలుగా పెళ్లిళ్లు చేసుకోవడం దానికి కారణం. అలాంటి పిల్లల కోసమే 1989లో అక్కడి స్ట్రాస్‌బర్గ్ అనే ఊరి దగ్గర ఒక ప్రత్యేక వైద్యశాల మొదలైంది. మా అమ్మానాన్నలది మేనరికం, కనుక ఆ సంగతి చదివినప్పుడు నాకు పరాయిదిగా అనిపించలేదు. పుట్టుకతో అలా ఉన్నవారిలో చాలామందికి నయం కావడం అనే ముగింపు ఉండదు. అందుకే కాబోలు, ఈ నవలల్లో వారు కథానాయిక చెల్లెలిగానో తమ్ముడిగానో ఉండిపోతారు తప్ప, ప్రేమకథ వారిదాకా రాదు. ఆ వడ్రంగికి కూడా ఏడేళ్ల వయసులో వచ్చిన జ్వరం వల్లనే వినికిడి పోయింది. చివరిదాకా అతనికి వినికిడి తిరిగి రాకపోవడం నాకు గొప్ప ఊరట.

అయినా నేను చదవడం మానలేదు. పగలంతా ఇంటి పని, ఆఫీసు పని చేసి రాత్రి పడుకునే ముందు చదివే నాకు, పనిలో అందరికీ వాటా ఉండే ఆ ఇళ్లు మనసుకు నెమ్మదినిస్తాయి. అదే నెమ్మది ఇంకొకరికి విసుగనిపించవచ్చు, మతబోధ ఎక్కువైందనీ అనిపించవచ్చు. ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డను ఇప్పుడిప్పుడే పెంచుతున్న తల్లికైతే, చివరి అధ్యాయం ముందుగా చూసుకున్నాకే మొదలుపెట్టమని చెబుతాను.

లాంతరు దృశ్యాన్ని మొన్న తమ్ముడికి సైగలతో పూర్తిగా చెప్పాను. శ్రద్ధగా చూసి, ఆ ఇంట్లో గోడకు ఒక మేకు లేదా అని అడిగాడు.