సందక్‌ఫూ, అన్నపూర్ణ, ఎవరెస్ట్ బేస్ క్యాంప్: మొదటి లాడ్జి ట్రెక్‌కి ఏది మేలు?

"టెంట్ల గొడవ లేకుండా, రోజూ సాయంత్రానికి ఏదో ఒక లాడ్జి చేరుకుని, వేడి అన్నం తిని పడుకునే ట్రెక్ చెయ్యాలనుంది. సందక్‌ఫూ వెళ్లమంటావా, అన్నపూర్ణ వెళ్లమంటావా?" ఈ ఏడాది నన్ను కనీసం పది మంది అడిగిన ప్రశ్న ఇది. వాళ్లలో సగం మంది ఫోన్ పెట్టేసే ముందు "పోనీ, ఒకేసారి ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కే పోతే?" అని కూడా అడిగారు. సందక్‌ఫూ మన పశ్చిమ బెంగాల్‌లో, మిగతా రెండూ నేపాల్‌లో. మూడూ నేను నడిచిన దారులే. మొన్న ఏప్రిల్‌లో మా ఆవిడ, నేను, 56 ఏళ్ల మా బావగారు కలిసి అన్నపూర్ణకు వెళ్లొచ్చాం. వెళ్లే ముందు ఇదే ప్రశ్న మా ఇంట్లోనూ నెల రోజులు నలిగింది. అందుకే ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఖర్చు అని. నేను ముందు చూసేది ఏ రాత్రి ఏ ఎత్తులో పడుకుంటాం, నిన్న రాత్రికీ ఇవాళ రాత్రికీ తేడా ఎంత అన్నది. పగలు కాస్త ఎక్కువ ఎక్కి మళ్లీ దిగొస్తే ఒళ్లు ఓర్చుకుంటుంది. నిద్రలో మాత్రం రక్తంలో ఆక్సిజన్ ఇంకా తగ్గుతుంది. కొత్త ఊరికి వెళ్తే నీళ్లు పడలేదంటాం చూడండి, అలాగే అక్కడ ఎత్తు పడదు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి రాత్రిపూటో, మర్నాడు పొద్దున్నో మొదలవుతాయి. 3000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకి 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఆగమని డాక్టర్లు చెప్పేది అందుకే.

ఇది మనకు ఇంకా ముఖ్యం. ఆంధ్రప్రదేశ్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండలే 1700 మీటర్లు దాటవు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో పుట్టి పెరిగిన ఒంటికి 3000 మీటర్ల పైన రాత్రి గడపడం అసలు పరిచయం లేని పని. అలిపిరి 3550 మెట్లు ఆగకుండా ఎక్కేవాళ్లకు కాళ్ల బలం ఉంటుంది, ఊపిరి నిలకడ ఉంటుంది. ఎత్తు పడటానికి మాత్రం ఆ అలవాటు పనికిరాదు. ఎక్కువ హుషారుగా నడిచేవాళ్లే ముందు పడిపోవడం నేను కళ్లారా చూశాను.

ఈ లెక్కన మూడు దారుల్నీ చూద్దాం. ముందు అన్నపూర్ణ.

పోఖరా నుంచి జీపులో కొంత దూరం వెళ్లి నడక మొదలుపెడితే, మేం పడుకున్న చోట్లు ఇవి: చోమ్రోంగ్ 2170 మీటర్లు, దోవన్ 2600, దేవరాలి 3230, మచ్ఛపుచ్ఛ్రే బేస్ క్యాంప్ 3700. అన్నపూర్ణ బేస్ క్యాంప్ ఎత్తు 4130. ఇక్కడే ఒక చిక్కుంది. మాకు మొదట ఒక ట్రెక్కింగ్ సంస్థ పంపిన షెడ్యూల్లో దేవరాలి తర్వాత రాత్రి నేరుగా అన్నపూర్ణ బేస్ క్యాంప్‌లో ఉంది. అంటే ఒక్క రోజులో పడుకునే ఎత్తు 900 మీటర్లు పెరుగుతుంది. అలా వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టక, తల పట్టుకుని కూర్చుని, తెల్లవారాక కొండను చూసే ఓపిక కూడా లేకుండా దిగొచ్చినవాళ్లూ అంతమందే ఉన్నారు. మధ్యలో మచ్ఛపుచ్ఛ్రే దగ్గర ఒక రాత్రి ఆగితే ఆ 900 మీటర్లు 470, 430గా విడిపోతాయి. మేం ఆ సంస్థను వదిలేసి, ఇలా ఆగడానికి ఒప్పుకున్న గైడ్‌తో వెళ్లాం.

ఆ గైడ్ విలువ మాకు దేవరాలిలో తెలిసింది. మధ్యాహ్నం నుంచి వడగళ్లు. డైనింగ్ హాల్లో పొడవాటి బల్ల కింద హీటర్ పెట్టి, బల్ల అంచుల చుట్టూ రగ్గులు వేలాడదీశారు. ఆ రగ్గుల కింద కాళ్లు పెట్టుకుని ఏడెనిమిది దేశాలవాళ్లు కూర్చున్నారు. ఈ దారిలో ఏ పూట ఎవరికి ఏం కావాలో గైడే లాడ్జి పుస్తకంలో రాయించి, వడ్డన కూడా తనే చూసుకుంటాడు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, గుంద్రుక్ అనే, పులియబెట్టి ఎండబెట్టిన ఆకుకూర, అప్పడం, పచ్చడి. అన్నం, పప్పు, కూర మళ్లీ వడ్డిస్తారు, దానికి వేరే డబ్బులుండవు. మా బావగారు అప్పటిదాకా ప్రతి పూటా రెండోసారి పెట్టించుకున్నారు. ఆ రాత్రి పళ్లెంలో అన్నం సగం అలాగే వదిలేశారు. మేమెవరం గమనించలేదు. గైడ్ పళ్లెం తీస్తూ నా చెవిలో "సర్ ఇవాళ రెండోసారి అడగలేదు" అని హిందీలో అన్నాడు.

"బావగారూ, తల ఎలా ఉంది?" అని అడిగాను.

"ఏం లేదోయ్, కాస్త బరువుగా ఉందంతే. పడుకుంటే పోతుంది."

గైడ్ వెల్లుల్లి సూప్ తెచ్చి తాగించాడు. పొద్దున్నకి తల బరువు తగ్గకపోతే ఇక్కడే ఇంకో రోజు ఉంటామని, అప్పటికీ తగ్గకపోతే కిందికి దిగుతామని ఆయనకే నేరుగా చెప్పాడు. అదృష్టం బాగుండి తెల్లారేసరికి తగ్గింది. ఉప్మా లేదని సణుగుతూనే రొట్టె, గుడ్లు పూర్తిగా తిన్నారు. అప్పుడు కదిలాం. మధ్యాహ్నానికల్లా మచ్ఛపుచ్ఛ్రే చేరిపోతే, పైన బేస్ క్యాంప్ రెండు గంటల నడకే కదా అని బావగారు ఒకటే పట్టు. గైడ్ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి తలకు లైట్లు కట్టుకుని, పెద్ద బ్యాగులు లాడ్జిలోనే వదిలేసి మంచులో పైకి నడిచాం. 7219 మీటర్ల అన్నపూర్ణ సౌత్ కొసన మొదటి వెలుగు పడేసరికి పైనే ఉన్నాం. అక్కడే టిఫిన్ తిని దిగేశాం. నాలుగు వేల మీటర్ల పైన మేం ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

దీనివల్ల పోయేది ఒకటుంది. పైన సాయంత్రం, రాత్రి నక్షత్రాలు చూడలేం. వాటి కోసమే వెళ్లేవాళ్లు మచ్ఛపుచ్ఛ్రేలో ఒక రాత్రి, పైన ఒక రాత్రి పెట్టుకోండి. ఒక రోజు అదనంగా పడుతుంది, అంతే. రద్దీ రోజుల్లో పైన గదులు నిండిపోయి డైనింగ్ హాల్లో పడుకోవాల్సి వస్తుంది కాబట్టి గైడ్ చేత ముందే ఫోన్ చేయించండి.

అన్నపూర్ణలో నాకు నచ్చేది ఇంకోటి, ఎత్తుతో పాటు అడవి మారిపోవడం. వెదుళ్లు, పూచిన రోడోడెండ్రాన్లు, తర్వాత బండలు, తర్వాత మంచు. చివర్లో చుట్టూ గోడలా కొండలు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాల్లో మనిషి మొదట ఎక్కింది 8091 మీటర్ల ఈ అన్నపూర్ణనే, 1950లో. పక్కనున్న 6993 మీటర్ల మచ్ఛపుచ్ఛ్రే మాత్రం దేవుడి కొండ, ఎక్కనివ్వరు. 1957లో వెళ్లిన బ్రిటిష్ బృందం కూడా శిఖరానికి కాస్త కిందే ఆగి వెనక్కి వచ్చింది. చోమ్రోంగ్ దాటాక మాంసం వండరు. శాకాహారులకు ఇంతకన్నా నిశ్చింత ఏముంది!

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ఆలోచించాలి. దారంతా రాతి మెట్లే. చోమ్రోంగ్ నుంచి వాగు దాకా దిగి మళ్లీ అవతలున్న సినువా ఊరికి ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో, అలిసిపోయిన కాళ్లతో, అదే మెట్లు ఇంకోసారి. శీతాకాలం చివర్లో, వసంతం మొదట్లో దేవరాలి పైన మంచు చరియలు విరిగిపడే చోటు ఉంది. దాన్ని తెల్లవారుజామునే దాటించమని గైడ్‌కి చెప్పండి, చెప్పకపోయినా మంచి గైడ్ అలాగే చేస్తాడు.

ఇక సందక్‌ఫూ. పశ్చిమ బెంగాల్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోటు, 3636 మీటర్లు. న్యూ జల్పాయిగురిలో రైలు దిగితే మానేభంజాంగ్ దాకా రోడ్డు. నడిచి వెళ్తే రాత్రులు తుమ్లింగ్ 2970, కాలిపోఖ్రీ 3186, సందక్‌ఫూ 3636. తేడాలు 216, 450. చూడండి, ఎంత చక్కగా కుదిరాయో. పడుకునే ఎత్తు ఏ రాత్రీ నాలుగు వేలు చేరదు. ఎవరికైనా బాగోలేదంటే జీపు పిలిపించి గంటల్లో కిందికి దించేయొచ్చు. పెద్దవాళ్లని, పదేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు ఇంతకు మించిన ధైర్యం వేరే దారిలో దొరకదు. రాతి మెట్ల బెడదా తక్కువే.

కానీ ఆ జీపే ఈ దారికి లోటు కూడా. పాతకాలపు ల్యాండ్‌రోవర్లు, బొలేరోలు పక్కనుంచే పోతుంటాయి. అడవిలో రెండు గంటలు నడిచి వచ్చాక హారన్ వినపడితే మనసు చివుక్కుమంటుంది. జీపులో ఒక్క పూటలో పైకి వెళ్లినవాళ్ల గురించి కూడా చెప్పాలి. మానేభంజాంగ్ 2130 మీటర్ల దగ్గర ఉంది. అక్కణ్నుంచి అదే రోజు 3636కి పోయి పడుకుంటే 1500 మీటర్లు. నేను వెళ్లిన నవంబరులో సందక్‌ఫూ లాడ్జిలో రాత్రంతా వాంతులతో బాధపడిన కుటుంబం అలా జీపులో వచ్చినవాళ్లే. నడిచి వచ్చిన మేమందరం బాగానే ఉన్నాం. జీపు దిగడానికి వాడుకోండి, ఎక్కడానికి వద్దు.

పైన నీళ్లకు కటకట. గాలి విసురు చెప్పలేం. మబ్బు పడితే ఏమీ కనపడదు కాబట్టి పైన రెండు ఉదయాలు దొరికేలా చూసుకోండి. తెరిపి దొరికితే మాత్రం, ప్రపంచంలో అతి ఎత్తైన ఐదు శిఖరాల్లో కె2 తప్ప మిగతా నాలుగూ, ఎవరెస్ట్, కాంచన్‌జంగ, లోత్సే, మకాలు, ఒకే చోట నుంచి కనిపిస్తాయి. కాంచన్‌జంగ వరుస పడుకున్న బుద్ధుడిలా ఉంటుంది. ఆ బుద్ధుడి తలభాగం కొండ పేరు కుంభకర్ణ. ఆ పేరు చెప్పగానే మనవాళ్లంతా నవ్వుతారు, నిద్రకు సరిపోయిందని. ఓపికుంటే శిఖరాల అంచున ఫాలుట్ దాకా నడిచి గోర్ఖే మీదుగా దిగండి, ఆ వైపు జీపుల రద్దీ బాగా తగ్గుతుంది. ఇక్కడ గైడ్ తప్పనిసరి. దారి నేపాల్‌లోకి వెళ్లి వస్తుంటుంది, గుర్తింపు కార్డు ఒరిజినల్ జేబులో ఉండాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఈ దారి వెళ్లే సింగలీలా నేషనల్ పార్క్ మూసేస్తారు.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ సంగతి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్లకే 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె వెళ్లింది టిబెట్ వైపు నుంచి. అయినా ఆ కొండ పేరు వింటే మనందరికీ ఒంట్లో ఏదో కదులుతుంది, నాకూ అంతే. మంచి షెడ్యూల్ ఉంటే ఈ దారిలో రాత్రుల లెక్క కూడా బాగానే ఉంటుంది: నామ్చే 3440లో రెండు రాత్రులు, తెంగ్‌బోచే 3860, దింగ్‌బోచే 4410లో రెండు రాత్రులు, లోబుచే 4940, గోరక్‌షెప్ 5164. ఎక్కే తీరు నెమ్మదే, చిక్కల్లా చివరి రాత్రుల ఎత్తుతోనే. బేస్ క్యాంప్ దగ్గర గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగం. లోబుచేలో నేను రాత్రికి మూడు నాలుగుసార్లు ఉలిక్కిపడి లేచి, కిటికీ తలుపు కాస్త తెరిచి ఊపిరి తీసుకున్నాను. అక్కడ మనకు ఎత్తు పడుతుందో లేదో ముందే తెలిసి ఉండాలి. మొదటిసారే అక్కడికి వెళ్లి తెలుసుకోవడం నాకు ఇష్టం లేదు. పైగా 12 నుంచి 14 రోజులు కావాలి, నడక మొదలయ్యే లుక్లాకి వెళ్లే విమానం వాతావరణం బట్టి ఆగిపోతే ఇంకో రెండు మూడు రోజులు. సెలవు తక్కువగా ఉన్నవాళ్లు ఆ టెన్షన్‌లో, ఆగాల్సిన చోట ఆగకుండా పరిగెడతారు. అన్నట్టు, బేస్ క్యాంప్ నుంచి ఎవరెస్ట్ శిఖరం కనపడదు, దానికి గోరక్‌షెప్ పక్కనున్న కాలాపత్తర్ గుట్ట ఎక్కాలి.

అన్నపూర్ణ వైపే ఉన్న చిన్న ట్రెక్‌లు పూన్ హిల్, మర్దీ హిమాల్ గురించి కూడా అడుగుతున్నారు. నాలుగైదు రోజులే ఉంటే పూన్ హిల్ సరిపోతుంది, 3210 మీటర్లే. మర్దీ అందమైనదే, రద్దీ పెరిగింది. నేపాల్‌లోనే ఉన్న లాంగ్‌టాంగ్ లోయ నేను చూడలేదు. యూరప్‌లో ఉన్న మనవాళ్లకు ఆల్ప్స్ కొండల్లో ట్రెక్కర్లు బస చేసే గుడిసెలున్నాయి, వాటిలో పడకలు నెలల ముందే బుక్ చేసుకోవాలి.

కాబట్టి నన్నడిగితే, 50 లోపువాళ్లు, మోకాళ్లు బాగున్నవాళ్లు, ఎనిమిది తొమ్మిది రోజులు సెలవు దొరికినవాళ్లు అన్నపూర్ణకే వెళ్లండి, మచ్ఛపుచ్ఛ్రేలో రాత్రితో. బృందంలో ఒక్కరికైనా ఎత్తు పడుతుందో లేదో అని అనుమానం ఉన్నా సందక్‌ఫూ, నడిచే. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి, ఎత్తు పడకపోవడానికి వాడే డయామాక్స్ మాత్ర కూడా ఆయన్ని అడిగే వేసుకోండి. గైడ్‌తో మాట్లాడేటప్పుడు ముందు రాత్రుల జాబితా అడగండి, ప్రతి ఊరి పక్కన ఎత్తు రాయించుకోండి. "ఎవరికైనా బాగోకపోతే ఒక రోజు ఎక్కడ ఆపుతావు?" అని అడగండి. మా గైడ్ ఆ ప్రశ్నకు వెంటనే రెండు ఊళ్ల పేర్లు చెప్పాడు.

మా బావగారు ఈ నవంబరులో మా అక్కయ్యని సందక్‌ఫూ తీసుకెళ్తున్నారు. తుమ్లింగ్‌లో ఒక రాత్రి అదనంగా పెట్టించారు, ఆ మాట ఆయనంతట ఆయనే అన్నారు.