రీఫ్ లైట్ పేరుతో మొక్కల లైట్ అంటగడుతున్నారు: కొనేవారు గమనించగలరు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో ఇంట్లో రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టుకున్నవారు, పెట్టె మీద ‘ఫుల్ స్పెక్ట్రమ్ రీఫ్ స్పెషల్’ అని ముద్రించి అమ్ముతున్న చవక ఎల్ఈడీ లైట్ల విషయంలో జాగ్రత్త వహించవలసిందిగా మనవి. విజయవాడలోని ఒక అక్వేరియం దుకాణంలో నేను కొన్న అలాంటి లైట్, తీరా విప్పి చూస్తే, మంచినీటి మొక్కల ట్యాంక్‌కు సరిపోయే సరుకు. అదే లైట్ వేరువేరు పేర్లతో ఇతర చోట్ల కూడా కనిపిస్తోంది కాబట్టి, దుకాణం పేరు కంటే సరుకును ఎలా గుర్తుపట్టాలో చెప్పడమే ఎక్కువ ఉపయోగమని నా ఉద్దేశం.

పెట్టె మీద 165 వాట్లు అని ఉంది. 55 ఎల్ఈడీలను ఒక్కొక్కటి 3 వాట్ల చొప్పున గుణించి వేసిన అంకె అది. గోడ ప్లగ్గుకు వాట్ మీటర్ తగిలించి చూస్తే, రెండు నాబ్‌లనూ చివరి దాకా తిప్పినా 72 దాటలేదు. వాట్ల సంగతి ఒక ఎత్తు, రంగుల సంగతి మరొక ఎత్తు. వెలుగు బాగా తగ్గించి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని కింది నుంచి పరిశీలిస్తే, తెలుపు, ఎరుపు దీపాలే ఎక్కువగా ఉన్నాయి. నీలం దీపాలు అంచు వరుసలకే పరిమితం, వయొలెట్ ఒక్కటీ లేదు. ‘బ్లూ’ అని రాసి ఉన్న నాబ్‌ను తిప్పితే నీలంతోపాటు ఎరుపు దీపాలు కూడా వెలుగుతున్నాయి.

పగడాల కణజాలంలో నివసిస్తూ వాటికి తిండి సమకూర్చే సూక్ష్మ శైవలాలు, జూజాంథెల్లే, ప్రధానంగా 400 నుంచి 500 నానోమీటర్ల మధ్య ఉండే నీలి కాంతిని వాడుకుంటాయి. సముద్రంలో ఎర్రకాంతి పై కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది. మెత్తటి పగడాలకు సుమారు 50 నుంచి 150 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కొలత) చాలు. గుంటూరు మిత్రుడొకరి పార్ మీటర్‌తో కొలిస్తే నా ట్యాంక్ అడుగున 30 కూడా రాలేదు. ఆ లోటు పూడ్చడానికి వెలుగు పెంచితే, పెరిగిన తెలుపు, ఎరుపు కాంతి పగడాలకు చేసే మేలు కంటే రాళ్ల మీది పచ్చటి వెంట్రుకల నాచుకు చేసే మేలే ఎక్కువ. నా ట్యాంక్‌లోని జొయాంథస్‌లు (పగడాల్లాంటి మెత్తటి జీవులు) ముడుచుకుపోయాయి, పంప్ మూతి దాకా నాచు జడలు కట్టింది.

అయితే లైట్ ఒక్కటే నాచును పుట్టించదు; దాని తిండి నైట్రేట్, ఫాస్ఫేట్. నీలి కాంతిలో నాచు పెరగదన్న మాట కూడా నిజం కాదు. అందుకే నిందించే ముందు నీళ్లు పరీక్షించాను. నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05, పోసే ఆర్వో డీఐ నీటి (వడపోసి లవణాలు తీసేసిన నీటి) టీడీఎస్, అంటే కరిగి ఉన్న పదార్థాల మోతాదు, సున్నా. నాచు ముదిరాక అదే పోషకాలను లాగేసుకుని ఈ అంకెలను తక్కువగా చూపిస్తుంది కాబట్టి, పాత లైట్ ఉన్నప్పటి నుంచి పుస్తకంలో రాసుకున్న అంకెలతో పోల్చాను. అప్పుడూ దాదాపు ఇంతే. మారింది లైట్ ఒక్కటే.

ఈ సంగతి చెబితే దుకాణదారు, “మీరు మేత ఎక్కువ వేస్తున్నారండీ, ఈ మందు వేయండి, మూడు రోజుల్లో నాచు మాయం” అని ఒక సీసా చేతిలో పెట్టారు. దాని వెనుక, భూతద్దం ఉంటే తప్ప కనబడని అక్షరాల్లో, కాపర్ సల్ఫేట్ అని ఉంది. రాగి తగిలితే నత్తలు, రొయ్యలు, పగడాలు బతకవు. లైట్ విషయంలో చేసిన మోసం కంటే రీఫ్ ట్యాంక్‌కు ఈ సలహా ఇవ్వడమే నాకు ఘోరంగా తోచింది. ఈ లైట్ కింద గట్టి పగడాలు కూడా పెరుగుతాయని ఆయన ఊరించారు. అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో, ఉన్నాయన్న సంగతి ఆయనకు తెలియదనుకోవాలా?

కొనేముందు దుకాణంలోనే లైట్ వెలిగించి ఏ నాబ్‌కు ఏ రంగు వెలుగుతుందో చూడండి, మీ వాట్ మీటర్ వెంట తీసుకెళ్లండి, ఏ లోతులో ఎంత పార్ వస్తుందో అడగండి. నేను పాత లైట్‌నే తిరిగి బిగించి, రోజుకు 8 గంటలకు కుదించి, నాచును చేత్తో పీకి, నాచు తినే టర్బో నత్తలను వదిలాను. ఇప్పుడిప్పుడే రాళ్లు తేటపడుతున్నాయి. కరెంటు పోయినప్పుడల్లా ముల్లు టైమర్ వెనకబడి లైట్ రాత్రి దాకా వెలుగుతుంది కనుక, మన వేసవికి బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే మేలు.

ఒకసారి ట్యాంక్ మీద వెలిగించిన లైట్‌ను వాపసు తీసుకోబోమని దుకాణదారు అన్నారు. బిల్లు మీద ‘ఎల్ఈడీ లైట్ – 1’ అని మాత్రమే ఉంది. మీరు మాత్రం ‘మెరైన్ రీఫ్ ట్యాంక్ కోసం’ అని రాయించుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వివాదం తలెత్తిన 2 సంవత్సరాల లోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. పెట్టెను పారేయకండి. నా దగ్గర ‘రీఫ్’ అన్న మాట రాతపూర్వకంగా ఉన్నది దాని మీదే.